నలభై మూడో నెంబరులో నేను ఉన్నానని నమ్మించుట గురించి

నర్సీపట్నం,
తేది 18-11-1982, గురువారం.

టెలిఫోన్ల శాఖ సబ్ డివిజనల్ ఆఫీసరు గారి సముఖమునకు,

నర్సీపట్నం కాపురస్థుడు, బెతెస్ద మెడికల్స్ యజమాని, టెలిఫోను నెంబరు 43 చందాదారుడు అయిన పెదపాటి జాన్ బాబు, వయస్సు 54 సంవత్సరములు, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: చందాదారుడు జాన్ బాబు ఊళ్ళోనే ఉన్నాడనియు, ఎనిమిదేళ్ళుగా ఉంటూనే ఉన్నాడనియు, లేడని చెప్పినవాడు కూడా అతడే అనియు అంగీకరించి, వచ్చే ఆదివారం నాటి ట్రంకు కాలు అతనికి కలుపునట్లు ఉత్తర్వు కోరుట గురించి.

పై విషయంలో ఒకే మనిషి రెండుసార్లు వచ్చాడని తమ గుమాస్తా గారు ఎర్ర సిరాతో సున్నా చుట్టవద్దని ముందుగా మనవి. అది రాతలో పొరపాటు కాదు. నా ఫిర్యాదే అది.

1. నేను పందొమ్మిదేళ్ళు ఒక మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరుగా పనిచేసి, ఆ మీదట సొంతంగా మందుల షాపు పెట్టుకున్నాను. ఏజెన్సీ నుంచి సంతకు దిగేవారికి చలిజ్వరం మాత్రలు, ఊళ్ళోవారికి అజీర్తి మాత్రలు అమ్ముకుంటూ బతుకుతున్నాను. 1973లో తమ శాఖ వారు షాపుకు టెలిఫోను మంజూరు చేశారు. మా వీధిలో అదే మొదటిది. బిగించిన రోజున మా పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. ఎదురింటి దుర్గాంబ గారు వచ్చి దానికి బొట్టు పెట్టారు. రెండు మతాల వారూ దీవించిన యంత్రం గనుక మేలే చేస్తుందని నమ్మాను. అప్పటివరకు నేను ఒక్కణ్ణే అన్న సంగతి తమరు గుర్తుంచుకోవలెను.

2. తమ శాఖ వారి పి.పి. కాలు గురించి తమకే చెప్పడం తాతకు దగ్గులు నేర్పడం. అయినా ఈ కాగితం రేపు ఎవరెవరి బల్లల మీదికి పోతుందో తెలియదు గనుక రాస్తున్నాను. మామూలు ట్రంకు కాలులో ఆ ఇంట్లో ఎవరు ఎత్తినా మాట్లాడవచ్చు, పూర్తి ఛార్జీ పడుతుంది. పి.పి. కాలులో ఫలానా మనిషే కావాలని పేరు చెప్పాలి. ఆ మనిషి ఉంటే కలుపుతారు. లేడంటే, ఏదో నామమాత్రపు రుసుముతో సరిపెట్టి కాలు రద్దు చేస్తారు. ఈ రూలు రాసిన పెద్దమనిషి మా వీధివాళ్ళను ఎరగడు.

3. నేను చేసిన నేరము. 1974లో మా అమ్మాయి పరిమళ నర్సింగు చదువుకని గుంటూరు వెళ్ళింది. క్షేమంగా చేరిందో లేదో తెలుసుకునేందుకు ఒక పథకం వేశాను. మా ఇంట్లో బుర్ర ఉన్నది నాకేనని ఆ రోజుల్లో నా నమ్మకం. పరిమళ హాస్టలుకు చేరగానే నా పేరున పి.పి. కాలు చేయాలి. నేనే ఎత్తి, జాన్ బాబు ఊళ్ళో లేడని చెప్పాలి. అంతే. పిల్ల చేరిందని మాకు తెలుస్తుంది, మాకు తెలిసిందని పిల్లకు తెలుస్తుంది. తమ శాఖకు తప్ప ఎవరికీ నష్టం లేదు.

మొదటిసారి ఫోను మోగింది.

"గుంటూరు నుంచి పి.పి. కాల్. జాన్ బాబు గారున్నారాండీ?" అని ఆపరేటరు గారు అడిగారు.

"లేరండి. ఊళ్ళో లేరండి."

"మీరెవరు మాటాడేది?"

ఈ ప్రశ్న పథకంలో లేదు. అదే సమయానికి వీధిలో కావిడి మోసుకుంటూ చింతపండు జోగులు పోతున్నాడు. "జోగులునండి. షాపులో పని సేస్తానండి" అనేశాను. ఆ నిమిషాన పుట్టినవాడు ఇప్పటికీ బతికే ఉన్నాడు.

4. మంచి పథకం వీధిలో దాగదు. దుర్గాంబ గారి అబ్బాయి భిలాయిలో, హైస్కూలు తెలుగు మాస్టారు యాజులు గారి తమ్ముడు ఖరగ్‌పూర్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళూ ఊరికి వచ్చి తిరిగి వెళ్ళాక నా పేరునే పి.పి. చేయడం మొదలుపెట్టారు. కాలు ఏ ఊరినుంచి వచ్చిందో చూసి, ఎవరు చేరారో నేను ఆ ఇంటికి కబురు చెప్పాలి. మీ మీ పేర్లే వాడుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"లేరని చెప్పడంలో మీకున్న స్పష్టత మాకు రాదండీ" అన్నారు యాజులు గారు.

నిజమే. నాకు వచ్చినట్లు ఆ విద్య మరెవరికీ రాలేదు. ఫోను పెట్టేసేసరికి దుర్గాంబ గారు అరుగు మీదనుంచి కేకవేసేవారు.

"ఏవోయ్ జాన్ బాబూ, నువ్వు లేవన్నావా?"

"లేనన్నానమ్మా."

"హమ్మయ్య. మావాడు చేరాడన్నమాట. చల్లగా ఉండు నాయనా."

అయ్యా, మనిషి లేడంటే ఏడ్చేవాళ్ళుంటారు. నేను లేనంటే మా వీధి గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయేది. ఆ గౌరవం నాకు తలకెక్కింది. ఒట్టి "లేరండి"తో తృప్తి లేక, జాన్ బాబును నక్కపల్లి పంపాను, రావికమతంలో పెళ్ళికి పంపాను, ఉపమాక తిరణాలకు కూడా పంపాను. బాప్తిస్మం తీసుకున్న మనిషికి ఉపమాకలో ఏం పనని ఆపరేటరు గారు అడగలేదు. జీవితంలో నేను తిరగని ఊళ్ళన్నీ అతను తిరిగాడు.

5. ఆ ఆపరేటరు సువర్ణమ్మ గారు. పనిమీద ఆవిడను మించినవారు తమ శాఖలో ఉండరని ఈ సందర్భంగా రాతపూర్వకంగా చెబుతున్నాను. జరిగినదానిలో ఆవిడ తప్పు చీమ తలకాయంత కూడా లేదు. లైను దొరకని సమయాల్లో ఆవిడ జోగులుతో రెండు మాటలు మాట్లాడేవారు.

"మీ అయ్యగారు ఏ రోజూ షాపులో ఉండరేటండీ? అంతా మీ నెత్తినే ఎట్టీసేరా?"

"ఏటి సెప్పమంటారమ్మా. ఉన్నా లేనట్టేనండి."

"కోప్పడతారేటి?"

"దగ్గు మందు అడిగితే మొహం మీద దగ్గీసినట్టు సూస్తారండి. ఇంట్లో ఆవిడతోనూ అంతేనండి. మంచి మాట నోటి దాకా వస్తాది, బయటికి రాదండి."

నా గురించి ఇంత నిజం నేను ఎవరితోనూ చెప్పి ఉండలేదు. నాతో నేను కూడా చెప్పుకోలేదు. రిసీవరు చెవిన పెట్టుకుంటే చాలు, ఆ జోగులు అనేవాడు ఓపిగ్గా, మెత్తగా, నవ్వుతూ మాట్లాడేవాడు. సువర్ణమ్మ గారి తల్లికి జ్వరం వస్తే ఏ మాత్ర ఎప్పుడు వేయాలో మూడుసార్లు విసుక్కోకుండా చెప్పాడు. ఫోను పెట్టేశాక కౌంటరు దగ్గర అదే ప్రశ్న అడిగిన ముసలాయనను జాన్ బాబు కసిరాడు.

ఒక క్రిస్మస్‌కు ఆవిడ స్వయంగా షాపుకు వచ్చి కేకు పొట్లం ఇచ్చారు.

"ఇది జోగులు గారికండి. ఆయనకే ఇవ్వండి. మీరు తినీకండి."

గొంతు గుర్తుపడతారేమోనని నేను మఫ్లరు సరిచేసుకుని, గొంతు పట్టేసిందని సైగ చేశాను. కేకు తిన్నాను. మర్నాడు ఫోనులో జోగులుగా కృతజ్ఞతలు చెప్పుకున్నాను. "మీ అయ్యగారు మీకు ఇచ్చేరా?" అని ఆవిడ అడిగారు. సగమే ఇచ్చారని చెప్పాను. సొంత యజమాని మీద చాడీ చెప్పడంలో ఎంత సుఖం ఉందో, యజమానీ తానే అయినప్పుడు గాని తెలియదు.

6. ఆవిడా మేమూ ఒకే చర్చికి వెళతాం. నేను అంతకుముందు ఆదివారాలు వాక్యం చదివేవాణ్ణి. ఆవిడ బదిలీ మీద ఈ ఊరు వచ్చినప్పటినుంచి చదవడం మానేశాను. ప్రార్థనలో పెదవులు కదుపుతాను. మందుల షాపు పెట్టుకుని ఎనిమిదేళ్ళుగా తన గొంతునొప్పి తగ్గించుకోలేని మనిషి దగ్గర మందులు కొనడమెలా అని కొందరు వేరే షాపుకు మారిపోయారు. వారమంతా ఊళ్ళు తిరిగి, దేవుడికి మాత్రం ఆదివారం పూట కనిపించి పోయే మనిషిని చూసినట్లు సువర్ణమ్మ గారు నన్ను చూసేవారు.

ఒక ఆదివారం పాస్టరు గారు పేతురు గారి కథ ఎత్తుకున్నారు. కోడి కూయకముందే మూడుసార్లు ప్రభువును ఎరగనన్నాడట. నేను వేళ్ళు మడిచి చూసుకున్నాను. అప్పటికి నూటయాభై పైచిలుకు అయ్యాయి. పైగా పేతురు గారు ఎరగనన్నది ఇంకొకరిని. నన్ను నేనే ఎరగనన్నవాణ్ణి నేను.

7. ఇంటి సంగతి రాయకూడదనుకున్నాను గాని రాయక తప్పదు. మా ఆవిడ లీల ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి, నేను ఫోనులో మాట్లాడుతున్నంతసేపూ విన్నది.

"ఆ ఫోన్లో మాటాడినట్టు నాతో ఒక్కనాడు మాటాడకూడదేటండీ?" అని అడిగింది.

పప్పులో ఉప్పు లేదన్నాను. ఉప్పు ఉంది.

ఆ తర్వాత పరిస్థితి ముదిరింది. విశాఖపట్నం నుంచి మందుల కంపెనీ రిప్రజెంటేటివు మా షాపుకు నెలనెలా వచ్చేవాడే, నన్ను బాగా ఎరిగినవాడే, ఎదురుగా నిలబడి "జాన్ బాబు గారూ, బాగున్నారా" అన్నాడు. "లేరండి, ఊరెళ్ళారు" అన్నాను. పరాకున వచ్చిన మాట. అతను కాసేపు నన్ను చూసి, వచ్చే నెల వస్తానని వెళ్ళిపోయాడు. నాకు నవ్వు వచ్చింది, తర్వాత నవ్వు పోయింది.

8. అసలు కష్టము. పరిమళ చదువై, రాయపూర్‌లో ఒక ఆస్పత్రిలో నర్సుగా చేరింది. అక్కడ ఎక్స్-రే తీసే యేసురాజు అనే అబ్బాయిని పెళ్ళిచేసుకుంటానని ఈ మే నెలలో సెలవుకు వచ్చినప్పుడు చెప్పింది. అబ్బాయి మన భాషవాడే, మన మతమే. కాని మాది నీళ్ళలో ముంచి ఇచ్చే బాప్తిస్మం, వాళ్ళది తల మీద చిలకరించే బాప్తిస్మం. తమకు ఇది చిన్న తేడాగా కనిపించవచ్చు. నాకు ఆ రోజు అది సముద్రమంత కనిపించింది.

"నెత్తి మీద నాలుగు సుక్కలు సల్లించుకున్నోడికి నా పిల్లనివ్వను" అన్నాను.

"మునిగినోళ్ళందరూ తేలేరేటి నాన్నా?" అంది పరిమళ.

నాకు కోపం వచ్చింది. పిల్ల మర్నాడే రైలెక్కింది. రాయపూర్ చేరాక మామూలుగానే నా పేరున పి.పి. చేసింది. మామూలుగానే లేనన్నాను. కోపంలో ఉన్నా క్షేమం క్షేమమే.

ఆగస్టులో ఒక సాయంత్రం షాపులో ఎవరూ లేనప్పుడు లీల వచ్చి రిసీవరు తీసి నా చేతిలో పెట్టింది. తాను ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"జోగులు గారూ, మీ అయ్యగారు మొండి మనిషి. పిల్ల అక్కడ ఏడుస్తోంది. ఆ సంబంధం సెయ్యమని మీరైనా సెప్పరాదా?"

నేను రిసీవరులోకి చూస్తూ అన్నాను. "సెప్తానమ్మా. సెయ్యమనే సెప్తాను. మంచి కుర్రాడంట. మీరు బెంగెట్టుకోకండి."

ఆ విధంగా జోగులు పెళ్ళికి ఒప్పుకున్నాడు. ఆ మాట కాగితం మీద పెట్టి పిల్లకు రాయవలసినవాడు జాన్ బాబు. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం, ముందు అదే రాస్తుందిలే అని బింకం కొద్దీ రెండు నెలలు గడిపాడు. అయ్యా, ఇందులో యంత్రం తప్పేమీ లేదు.

9. అక్టోబరు 21, గురువారం సాయంత్రం ఫోను మోగింది.

"రాయపూర్ నుంచి పి.పి. కాల్. జాన్ బాబు గారున్నారా జోగులు గారూ?"

"లేరండి. రావికమతం వెళ్ళారండి."

ఆవిడ అవతలివారితో మాట్లాడి మళ్ళీ లైనులోకి వచ్చారు. "ఎప్పుడొస్తారని అడుగుతున్నారండి పార్టీ."

ఎనిమిదేళ్ళలో ఎవరూ ఆ మాట అడగలేదు. నేను ఆగి ఉండవలసింది. కౌంటరు దగ్గర ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు.

"సెప్పలేమండి" అని పెట్టేశాను. లోపలికి వెళ్ళి, పిల్ల ఎక్కడికో ప్రయాణం చేసి క్షేమంగా తిరిగి చేరినట్టుందని లీలకు సంతోషంగా చెప్పాను.

శనివారం ఉత్తరం వచ్చింది. గురువారానికే అందవలసిన ఉత్తరం. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "నాన్నా, గురువారం సాయంత్రం నీ పేరున పి.పి. చేస్తాను. ఈసారి చేరానని చెప్పడానికి కాదు. నువ్వు లైనులోకి వస్తే ఒప్పుకున్నావనుకుంటాను. లేరంటే అదే నీ జవాబు అనుకుంటాను. ఆ తర్వాత నేను నిన్ను ఏమీ అడగను."

అది చదివి నేను కౌంటరు వెనక నేల మీద కూర్చుండిపోయాను.  

10. వెంటనే రాయపూర్‌లో పిల్ల ఉండే నర్సుల హాస్టలుకు పరిమళ పేరున నేనే పి.పి. బుక్ చేశాను. మూడు గంటలు కాచుకున్నాక లైను దొరికింది. అక్కడి ఆపరేటరు హిందీలో అడిగాడు. అవతలనుంచి ఎవరో ఆడమనిషి హిందీలో చెప్పింది. నాకు హిందీ రాదు. ఆ గొంతు మాత్రం నేను ఎత్తుకుని పెంచినది. పరిమళ లేదని పరిమళే చెప్పింది. ఎక్కడా తొణకలేదు. ఆ విద్య ఎవరి దగ్గర నేర్చిందో తమకు వేరే చెప్పనక్కరలేదు.

నేను ఉత్తరాలు రాశాను. నాలుగు రాశాక తల్లి పేరున ఒక కార్డు వచ్చింది. "పెళ్ళి డిసెంబరు 1న. నాన్న ఉత్తరాలు చూశాను. కాగితం మీద ఎవరైనా ఉంటారు. నవంబరు 21 ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఆఖరుసారి నాన్న పేరున పి.పి. చేస్తాను. లేనన్న నోటితోనే ఉన్నానని చెప్పమను. అంతవరకు మనిషి రావద్దు."

11. అందుచేత మొన్న సోమవారం నాడు మఫ్లరు తీసేసి తమ ఎక్స్ఛేంజికి వెళ్ళాను. సువర్ణమ్మ గారు నన్ను చూసి, "ఈసారి ఊళ్ళోనే ఉన్నారేటండీ?" అన్నారు.

"జోగులు అంటే నేనేనండి" అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను. ఆవిడ లేచి, పక్క గదిలో ఉన్న ఫోను చూపించి, "అది ఎత్తి మాటాడండి" అన్నారు. నేను వెళ్ళి ఎత్తి, "నలభై మూడండి, జోగులునండి, బాగున్నారామ్మా" అన్నాను. బయటికి వచ్చేసరికి ఆవిడ చెవికి పెట్టుకునేది తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నారు.

"మా అమ్మ పోయినప్పుడు జోగులు గారు నాతో మాటాడిన మాటలు మీరు మాటాడినవేనా?" అని అడిగారు.

"నావేనండి."

"మరి ఆ ఆదివారం సర్చిలో నా ఎదరనుంచి మొహం తిప్పుకుని ఎల్లిపోయింది?"

"అదీ నేనేనండి."

 అయ్యా, దొంగతనం చేసి పట్టుబడినా అంత సిగ్గు వేయదు. ఆదివారం కాలు సంగతి మొత్తం చెప్పుకున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని రూలు చెప్పారు.

"పి.పి. కాల్ అంటే మనిషెవరో తెల్సుకుని కలపాల. ఇన్నేళ్ళూ లేరని నా చేత్తో స్లిప్పుల మీద రాసేను. ఆ గొంతే ఇప్పుడు నేనున్నానంటే ఏటని రాయాల? జోగులు గారు సెప్తే కళ్ళు మూసుకు నమ్ముతాను. మీరు సెప్తే ఎలాగండీ? పై ఆఫీసరు గారికి అర్జీ ఎట్టుకోండి."

న్యాయమైన మాట. ఆవిడ నమ్మినవాడు లేడు, ఉన్నవాణ్ణి ఆవిడ నమ్మరు.

12. నేను జాన్ బాబునే అనడానికి రుజువులు జతపరిచాను: బాప్తిస్మపు పత్రం, రేషను కార్డు నకలు, మఫ్లరు లేకుండా తీయించిన ఫోటో. ఇవేవీ ఫోనులో పనికిరావని నాకూ తెలుసు. తీగలో ముఖం పోదు, ముద్ర పోదు, తహసీల్దారు గారి సంతకం పోదు. ఒక్క గొంతు పోతుంది. ఆ గొంతును నేను పాడుచేసుకున్నాను.

కావున తమరు దయతలచి,

(అ) ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు నలభై మూడో నెంబరులో "నేను జాన్ బాబును" అన్నవాణ్ణి జాన్ బాబుగా ఎంచి కాలు కలపవలసిందని సువర్ణమ్మ గారికి ఉత్తర్వు ఇప్పించవలెను.

(ఆ) నా నేరానికి తగిన శిక్ష ఏదైనా సోమవారం తర్వాత వేయవలెను. ఫోను పీకించినా సరే. ఆదివారం దాకా ఉంచండి.

(ఇ) దుర్గాంబ గారిని, యాజులు గారిని ఈ కేసులో ఇరికించవద్దు. పథకం నాది. వాళ్ళు బిడ్డలు చేరారో లేదోనని బెంగపడినవాళ్ళు మాత్రమే.

ఈ అర్జీ నేనే స్వయంగా తెచ్చి ఇవ్వాలి. కాని ఈ నాలుగు రోజులు ఊరు దాటడానికి నాకు ధైర్యం చాలడం లేదు. యాజులు మాస్టారు గారి చేత పంపుతున్నాను. తమకు నవ్వు వస్తే నవ్వుకోండి. నవ్వుకున్నాక ఒకసారి తండ్రిగా ఆలోచించి, చిత్తగించి, ఆ పిమ్మట సంతకం పెట్టవలెను. నాకు భయంగా ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు (ఒక్కడే),
పెదపాటి జాన్ బాబు

తాజా కలం: 21-11-82, ఆదివారం సాయంత్రం.

అయ్యా, యాజులు గారు శుక్రవారం తమ కార్యాలయానికి వచ్చారు. తమరు క్యాంపుకు వెళ్ళారని, ఊళ్ళో లేరని బంట్రోతు చెప్పాడట. ఆ మాట నమ్మాలో వద్దో తెలియక యాజులు గారు గేటు దగ్గర గంటన్నర నిలబడి, అర్జీ వెనక్కు పట్టుకొచ్చారు. నన్ను ఎరిగిన పుణ్యాన ఆయనకు ఏ ఆఫీసరూ ఊళ్ళో లేడంటే నమ్మకం కుదరడం లేదు.

అందుచేత ఉత్తర్వు లేకుండానే ఒంటిగంట అయింది. షాపులో లీల, దుర్గాంబ గారు, యాజులు గారు, నేను. ఫోను మోగింది. ఎత్తాను.

"రాయపూర్ నుంచి పి.పి. కాల్. జాన్ బాబు గారున్నారాండీ?"

నోరు అలవాటుగా "లే" అనడానికి తెరుచుకుంది. లీల నా మోచేయి పట్టుకుంది.

"ఉన్నానండి" అన్నాను.

"ఎవరు మాటాడేది?"

"జాన్ బాబునండి."

 సువర్ణమ్మ గారు మెల్లగా అడిగారు.

"జోగులు గారు లేరేటండీ?"

"లేరండి. ఊరెళ్ళిపోయారు."

"ఎప్పుడొస్తారు?"

"ఇంక రారండి."

"మంచి మనిషండి" అన్నారు ఆవిడ. ఆ మీదట, "పార్టీ లైన్లో ఉంది. మాటాడండి" అన్నారు.

"నాన్నా, ఉన్నావా?" అంది పరిమళ.

"ఉన్నానమ్మా" అన్నాను. ఇంకా ఏదో అందామనుకున్నాను గాని నావల్ల కాలేదు. రిసీవరు లీలకిచ్చాను. లీల వల్ల కూడా కాలేదు. చివరికి తెల్లచీర కొంగుతో ముక్కు తుడుచుకుంటూ దుర్గాంబ గారు అందుకుని, "మీ నాన్న ఒప్పుకున్నాడే పిల్లా, ఏడుస్తున్నాడు, చిలకరింపు అయిపోయింది" అన్నారు. మూడు నిమిషాలు అయ్యాయని ఎవరూ చెప్పలేదు. బిల్లు ఎంతైనా పూర్తిగా వేయించండి, కడతాను.

రేపు ఉదయం బస్సుకు నేనూ లీలా రాయపూర్ బయలుదేరుతున్నాం. డిసెంబరు అయిదు వరకు రాము. షాపు తాళం దుర్గాంబ గారికి ఇచ్చాను. ఈ లోపల ఎవరు జాన్ బాబును అడిగినా ఆవిడే ఎత్తి, ఊళ్ళో లేడని చెబుతారు. నలభై మూడో నెంబరు నుంచి ఆ మాట నిజంగా రావడం ఇదే మొదటిసారి. సువర్ణమ్మ గారిని ఈ ఒక్కసారికీ నమ్మమని తమరు చెప్పగలరు.